ఎదురు పీట

ఆ రోజు ఉదయం నేను చెయ్యాల్సిన పనులు ఇవి.

గేటు దగ్గర బిగించిన యంత్రాల అద్దాలను స్పిరిటుతో తుడవాలి. కరెంటు పోతే బ్యాటరీ అందుకుంటోందో లేదో చూడాలి. అతిథులకు కొబ్బరి బొండాలు చెప్పాలి. ఊర్మిళ చదవబోయే ప్రసంగంలో యంత్రం గురించిన మాటలు దిద్దాలి. అమ్మకు ఉతికిన చీర కట్టించి ముందు వరసలో నిలబెట్టాలి. ఫొటోలో ఆమె చెయ్యి కనబడాలి. దాలమ్మ పిన్ని తానూ ముందే నిలబడతానని పేచీ పెడితే సర్దిచెప్పాలి. కొత్త కంపెనీ బోర్డు మీద కప్పిన గుడ్డ ఒక్క లాగుడుకే ఊడివచ్చేలా ముడి వెయ్యాలి. ఆ గుడ్డ ఊడి, కింద 'నిర్వాహకురాలు: ఊర్మిళ' అన్న అక్షరాలు కనబడినప్పుడు అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాలి. ముఖం మామూలుగా ఉంచుకోవాలి.

చివరిది తప్ప అన్నీ చేశాను.

మాది పలాస. జీడిపిక్కలు కాల్చే పొగలోనే పుట్టి పెరిగాను. మా అమ్మ గున్నమ్మ చిన్నప్పుడు పిక్కలు కొట్టేది, తరవాత పప్పు మీద పొట్టు తీసే షెడ్డులోకి మారింది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. ఇంజనీరింగు అయ్యాక అదే ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. అమ్మ వెనక గేటులోంచి, నేను ముందు గేటులోంచి లోపలికి వెళ్ళేవాళ్ళం.

ఫ్యాక్టరీ యజమాని త్రినాథరావు గారిని అందరూ సావుకారు అంటారు. ఆయనకు ఒక పట్టుదల ఉండేది. ఫ్యాక్టరీలో ఏ తలనొప్పి వచ్చినా దాన్ని తిట్టుకుంటూ కూర్చోకూడదు. దానికి మందు కనిపెట్టి, అదే తలనొప్పి ఉన్న బయటివాళ్ళకు అమ్మాలి. బాయిలరు బూడిద ఎక్కడ పారబొయ్యాలా అన్న గొడవ అలాగే ఇటుకల కంపెనీ అయింది. ఆ ధైర్యంతో గోనెసంచుల గదిని ఖాళీ చేయించి, రెండు బల్లలు వేయించి, 'తంటాల గది' అని పేరు పెట్టారు. షెడ్లలో ఏ తంటా వచ్చినా ఆ గదికి రావాలి. ఒక బల్ల నాది. దానికి ఎదురుగా ఉన్న బల్ల ఊర్మిళది.

ఊర్మిళ వాళ్ళ నాన్న బస్సు కండక్టరు. ఆమె బిజినెస్ చదువు చదువుకుని వచ్చింది. నాకంటే ఏడాది చిన్నది. పెన్ను మూత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని తిప్పుతూ ఆలోచించేది. పంచదార లేని టీ తాగేది. ఎవరితో మాట్లాడినా ఎదుటి మనిషికి తామే ముఖ్యమనిపించేలా మాట్లాడేది. నాతో కూడా.

మాకు వచ్చిన తంటా వేళ్ళది. జీడిపిక్క తొక్కలో ఉండే నూనె చర్మాన్ని తినేస్తుంది. బూడిద పూసుకున్నా, ఆముదం రాసుకున్నా కొన్నేళ్ళకు వేలి గీతలు చెరిగిపోతాయి. హాజరు కోసం పెట్టిన వేలిముద్ర యంత్రం మా ఆడవాళ్ళలో సగంమందిని మనుషులుగా ఒప్పుకునేది కాదు. "తుడిసి పెట్టు, మల్లీ పెట్టు, ఆ ఏలు కాదు ఈ ఏలు పెట్టు" అంటూ వాచ్‌మన్ అరుస్తుంటే గేటు దగ్గర వరస రోడ్డు మీదికి వచ్చేసేది. రేషను బియ్యం దుకాణంలోనూ అదే పాట.

ఒక ఆదివారం అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చూస్తూ కూర్చున్నాను. రెండు తిప్పులు, చిన్న ఆగుడు, ఒక తోపుడు. మళ్ళీ రెండు తిప్పులు, చిన్న ఆగుడు, ఒక తోపుడు. షెడ్డులో పొట్టు తీసేటప్పుడూ అమ్మ వేళ్ళది ఇదే వరస. మర్నాడు షెడ్డుకు వెళ్ళి మిగతావాళ్ళ చేతులు చూశాను. ఏ ఇద్దరి చేతులూ ఒక్కలా ఆగడం లేదు. గీతలు చెరిగిపోయినా చేతికి ఒక నడక మిగిలే ఉంది.

దాన్ని పట్టుకునే యంత్రం తయారు చేశాను. అరచేయంత అద్దం, దాని కింద ఒత్తిడి తెలుసుకునే పలచటి పొర. అద్దం మీద పప్పు పొట్టు నలిపినట్టు వేళ్ళు నలిపితే చాలు, ఆ నడకను బట్టి మనిషి పేరు పైకి చెబుతుంది. వయసుతో చెయ్యి మారుతుంది కాబట్టి, ఏ రోజుకారోజు వచ్చే చిన్న తేడాను తనలో కలుపుకుంటూ పోయేలా చేశాను. కైగుర్తు అని పేరు పెట్టాను.

యంత్రం పనిచేసిన రోజు సావుకారు నన్ను మెచ్చుకున్నారు. ఊర్మిళ మాత్రం పెన్ను మూత తిప్పుతూ, "ఇంకెవరి వేళ్ళు అరిగిపోయుంటాయి?" అంది. తరవాత వారమంతా కనిపించలేదు. ఉప్పు మళ్ళకు, రాళ్ళ క్వారీలకు, చాకిరేవులకు, చేపల షెడ్లకు తిరిగి, మొహం నల్లబడి, జుట్టు నిండా దుమ్ముతో వచ్చింది. "దమ్మూ, నీ మిషను కోసం జనం ఎదురు చూస్తున్నారే. వాళ్ళకి తెలీదంతే," అంది. దమయంతి అన్న నా పేరును అలా కురచ చేసింది ఆమే.

తంటాల గదికి ఒక నియమం ఉండేది. తంటా తీర్చినవాళ్ళకు మెప్పు. ఆ తంటా ఇంకెవరికుందో చూపించినవాళ్ళకు కంపెనీ. నియమం పెట్టినప్పుడు నేనూ తల ఊపాను.

అలా యంత్రం నాదైంది, కంపెనీ ఆమెదైంది.

* * *

ప్రారంభోత్సవం రోజు పేచీ రానే వచ్చింది.

"నీ సెయ్యే ముందల ఎందుకు పెట్టాల? నా సెయ్యికి ఏటయ్యింది?" అంది దాలమ్మ పిన్ని.

"నా కూతురు సేసిన మిసను. నీ కూతురు సేస్తే నువ్వు పెట్టుదువుగాని," అంది అమ్మ.

"నా కూతురు పది తప్పిందని ఈదంతా సెప్పినావు. మిగిలిపోయినోలు ఇక్కడున్నారు, ఈలకి కూడా సెప్పు."

"సెప్పక్కర్లేదు, నువ్వే సెప్పీసినావు కదా."

దాలమ్మ మాకు చుట్టం కాదు. మా వీధి మనిషి. షెడ్డులో అమ్మకు ఎదురు పీట. ఈ మాట బయటివాళ్ళకు తెలియదు కాబట్టి చెప్పాలి. మా షెడ్లలో చెయ్యి నెమ్మదిగా ఆడే మనిషిని, బాగా ఆడే మనిషికి ఎదురుగా కూర్చోబెడతారు. ఎవరూ ఏమీ నేర్పరు. ఎదుటి గంపలో పప్పు నిండుతుంటే చూడాలి, చూసి కుళ్ళుకోవాలి. మా మేస్త్రీ సింహాచలం కొత్తవాళ్ళందరికీ అదే చెప్పేవాడు. "బల్ల కింద కాలు, బల్ల మీద కళ్ళు. ఎదరున్నదాన్ని సూసి మండిపోవాల. అప్పుడే సెయ్యి ఆడతాది." అమ్మకు ఎదురుగా కూర్చుని దాలమ్మ ఎన్నేళ్ళు మండిందో. అమ్మంత చురుకుగా మాత్రం ఎప్పుడూ కాలేదు.

ఆ ఉదయం అమ్మ అద్దం మీద వేళ్ళు నలిపింది. యంత్రం "గున్నమ్మ" అంది. అంతా చప్పట్లు కొట్టారు. అమ్మ సిగ్గుపడి చెయ్యి కొంగులో దాచేసింది. ఆ తరవాత గుడ్డ ఊడింది. నేను వేసిన ముడి కదా, ఒక్క లాగుడుకే ఊడింది.

ఊర్మిళ మాట్లాడింది. "ఈ యంత్రం నా స్నేహితురాలు దమయంతి బుర్రలోంచి వచ్చింది. నేను మోసుకుంటూ తిరిగేదాన్ని మాత్రమే," అంది. ప్రతి సభలోనూ అదే చెప్పేది. నా పేరు దాచిపెట్టి ఉంటే ఆమెను హాయిగా తిట్టుకుందును. చెప్పడం వల్ల ఆ సుఖం కూడా లేకుండా పోయింది.

ఆ రోజు నుంచి ఆమెకు కొత్త కుర్చీ వచ్చింది. గది మాత్రం అదే, బల్ల అదే, నా ఎదురుగానే. పనివాళ్ళు ఆమెను మేడమ్ అనేవారు, నన్ను దమయంతమ్మా అనేవారు. ఆమె కోసం కారు వచ్చేది. ఆమె ఫోను మోగితే నా ఒళ్ళు వేడెక్కేది. ఆర్డరు వచ్చిందని ఆమె చెబితే "మంచిది" అనేసి తెర వైపు తిరిగేదాన్ని. ఆమె ఏ పనీ లేనప్పుడు పెన్ను మూత తిప్పుతుంటే, నా పని వదిలేసి ఆ వేళ్ళనే చూస్తుండేదాన్ని. ఆ వేళ్ళలో ఏముంది? నా వేళ్ళలో లేనిది ఏముంది?

* * *

ఏడాది తిరిగేసరికి ఊళ్ళో దాదాపు అన్ని జీడి షెడ్లూ కైగుర్తు పెట్టుకున్నాయి. ఊర్మిళ దానికి ఒక కొత్త సదుపాయం జతచేయించింది. షెడ్ల యజమానులు అడిగిందే అది. ఒక గేటు దగ్గర ఇంకొకరి పేరుతో దొరికిపోయిన చేతిని మిగతా గేట్లు కూడా రానివ్వవు. ఆమె చెప్పింది, నేను చేసిపెట్టాను.

వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం గేటు దగ్గర కేకలు వినిపించి వెళ్ళాను. దాలమ్మ పిన్ని తల మీద గోనెసంచి కప్పుకుని యంత్రం ముందు నిలబడి ఉంది.

"గున్నమ్మ. హాజరు ఇదివరకే పడింది," అంటోంది యంత్రం.

"ఇదేటి దాలమ్మా, గున్నమ్మ పేరుతో దూరిపోతన్నావేటి?" అన్నాడు మేస్త్రీ సింహాచలం.

"నానెవులో నీకు తెల్దేటి? నీ పెళ్ళికి పప్పు వండినాను."

"నాకు తెలిస్తే సరిపోద్దేటే? మిసనుకి తెలవాల."

ఆమె చెయ్యి తుడుచుకుని మళ్ళీ నలిపింది. "గున్నమ్మ." ఊదుకుని, బూడిద దులుపుకుని మళ్ళీ నలిపింది. "గున్నమ్మ." వరసలో ఉన్నవాళ్ళు మొదట నవ్వారు. తరవాత ఎవరో, "గున్నమ్మ రాని రోజు ఇది దాని హాజరు యేసి కూలి పంచుకుంటన్నారు కావాల," అన్నారు. ఆ మాట వరస చివరిదాకా పాకింది. ఊర్మిళ వచ్చింది. యంత్రం సరిగ్గానే ఉందా అని నన్ను అడిగింది. అద్దం చూశాను, తీగలు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అదే చెప్పాను.

నియమం ప్రకారం దాలమ్మను మా గేటు దగ్గర మేస్త్రీయే ఆపేశాడు; అమ్మ హాజరు అక్కడే కాబట్టి ఆమెకు అడ్డు రాలేదు. మధ్యాహ్నానికల్లా ఊళ్ళో ఏ గేటు ముందు నిలబడినా యంత్రం ఎర్రగా మెరిసి "అనుమతి లేదు" అంది. ఆమెకు వచ్చిన పని ఒక్కటే, పొట్టు తీయడం. దానికి ఊళ్ళోని తలుపులన్నీ ఒకేసారి మూసుకుపోయాయి. సాయంత్రం మా ఇంటి ముందు నిలబడింది, లోపలికి రాలేదు.

"నేను దొంగనంట. మీ అమ్మ పేరు దొంగిలించినానంట," అంది.

"నేను చూస్తాను పిన్నీ. ఎక్కడో పొరపాటు జరిగుంటుంది."

"నువ్వు సూడకపోతే ఎవులు సూస్తారే. నీ మిసనే కదా. ఆడగుంటని ఎట్టుకుని ఎక్కడికెల్తాను, ఇటుక బట్టీలకి ఎల్లిపోవాల. బట్టీ మేస్త్రీ లారీ పున్నం ఎల్లిన మర్నాడు కదుల్తాదంట. ఈలోగా సూడు."

అమ్మను ఎవరూ ఏమీ అనలేదు, ఇంజనీరమ్మ తల్లి కాబట్టి. కానీ ఆమె పనిలోంచి వచ్చి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయేది. గంప నిండడం లేదట.

"ఎదర ఎవులూ లేరు. సెయ్యి ఆడతలేదు," అంది ఒక రాత్రి.

"రోజూ తిట్టుకునేవారు కదే ఇద్దరూ."

"తిట్టుకుంటే? అది నన్ను సూసి ఏడుస్తాది. ఈయేలనుంచేటి? నువ్వు కాలేజీలో సేరినకాడినుంచి మరీను. నేను తలెత్తితే తలెత్తుతాది. నేను ఆగితే ఆగుతాది. దగ్గితే దగ్గుతాదే, నిజిం," అని నవ్వింది. నవ్వు ఆపి నన్ను చూసింది. "నువ్వేటి తక్కువా. ఆ ఊర్మిళలాగ పాపిడి పక్కకి తీస్తన్నావు. పంచదార మానీసినావు. నేను సూడట్లేదనుకున్నావేటి?"

నా చెయ్యి దానంతటదే పాపిడి మీదికి వెళ్ళింది.

* * *

మర్నాడు భోజనాల వేళ ఊర్మిళ బయటికి వెళ్ళాక తంటాల గది తలుపు వేసుకున్నాను. దాలమ్మ చేతి నడకను మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా తెర మీద వరసగా పేర్చాను. మొదట్లో ఆమెది ఒక తిప్పు, పొడుగాటి ఆగుడు, రెండు తోపుళ్ళు. అమ్మ చేతికి అంతా చప్పట్లు కొట్టిన రోజు నుంచి ఆగుడు కురచవుతూ వచ్చింది. రెండో తిప్పు మొలిచింది. తోపుడు ఒకటి రాలిపోయింది. గోడ నీడ జరిగినట్టు, ఏ రోజుకారోజు తేడా తెలియకుండా, దాలమ్మ చెయ్యి అమ్మ చెయ్యి వైపు నడిచింది. చిన్న తేడాలను కలుపుకోమని యంత్రానికి నేనే చెప్పాను కదా, అది అలాగే కలుపుకుంటూ వచ్చింది. చివరికి ఇద్దరూ ఒకచోటికి చేరారు. ఎవరు ముందు వస్తే ఆమె గున్నమ్మ. రెండోసారి వచ్చినామె దొంగ.

దాలమ్మ అమ్మ పేరు దొంగిలించలేదు. అమ్మను చూసి ఏడ్చింది, అంతే. కళ్ళు ఒకరి మీద అంతకాలం నిలబడిపోతే ఆ సంగతి చేతికి చేరుతుందని నాకు తోచలేదు. షెడ్డంతా నడిచేది ఆ కుళ్ళు మీదనే అని తెలిసి, ఎదురు పీటల మధ్య ఆడుకుంటూ పెరిగి కూడా, ఏ చెయ్యికాచెయ్యి విడివిడిగా బతుకుతుందనుకుని యంత్రం కట్టాను.

ఇది నిజమో కాదో తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. యంత్రం తయారు చేసే రోజుల్లో అందరికంటే ముందు నా చేతినీ ఊర్మిళ చేతినీ అందులో ఎక్కించాం. ఆఫీసువాళ్ళకు హాజరు యంత్రం లేదు కాబట్టి ఆ తరవాత మేమిద్దరం దాని జోలికి వెళ్ళలేదు. బల్ల మీదున్న నమూనా యంత్రాన్ని దగ్గరికి లాక్కుని వేళ్ళు నలిపాను.

"ఊర్మిళ," అంది.

చెయ్యి చీర కొంగుతో తుడుచుకున్నాను. మళ్ళీ నలిపాను. దాలమ్మ గేటు దగ్గర చేసినట్టే చేస్తున్నానని అప్పుడు తెలిసింది.

"ఊర్మిళ."

తలుపు తీసుకుని ఊర్మిళే లోపలికి వచ్చింది. యంత్రం తన పేరు చెప్పడం విని, "ఎందుకే నన్ను పిలుస్తోంది?" అని నవ్వింది. అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె పెన్ను మూత తిప్పలేదు.

"రేపు విశాఖపట్నం నుంచి చేపల షెడ్లవాళ్ళు వస్తున్నారు," అంది. "వాళ్ళు తీసుకుంటే సముద్రపు ఒడ్డు పొడుగునా మన మిషనే. ఇది అయ్యాక నెమ్మదిగా సర్దుదాం."

"పిన్ని ఎల్లుండి బట్టీలకు వెళ్ళిపోతుంది."

"ఒక్కామె కోసం..."

"ఒక్కామె కాదు ఊర్మిళా. ఎదురు పీటలున్న ప్రతి షెడ్డులోనూ ఇదే జరుగుతుంది. చేపలు కోసేవాళ్ళను మాత్రం ఎదురెదురుగా కూర్చోబెట్టరా?"

ఆమె పెన్ను మూత బల్ల మీద పెట్టేసింది. "ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఈ మాట నువ్వు దాలమ్మ కోసం చెప్తున్నావా? నా మీద ఏడుపుతో చెప్తున్నావా?"

రెండూ ఉన్నాయి. వేరు చేసి చూపించమంటే నా వల్ల కాదు. కంపెనీ కూలిపోతుందనుకోగానే నా కడుపులో ఎక్కడో చల్లబడిన మాట నిజం. దాలమ్మ గోనెసంచి కప్పుకుని నిలబడిన తీరు కళ్ళ ముందు నుంచి పోలేదన్నదీ నిజం.

"నీ చెయ్యి పెట్టి చూడు," అన్నాను.

ఆమె కూర్చుని, మొహమాటం లేకుండా వేళ్ళు నలిపింది.

"ఊర్మిళ."

మళ్ళీ నలిపింది. మొదటి రోజు నడకకూ ఇప్పటి నడకకూ వెంట్రుకవాసి తేడా లేదు. రెండేళ్ళుగా నా ఎదురుగా కూర్చుని, ఈ మనిషి నన్ను చూసి ఒక్క పూట కూడా కుళ్ళుకోలేదు. ఆ రోజు తెలిసినవాటన్నిటిలో నన్ను ఎక్కువగా కుట్టింది అదే.

* * *

మర్నాడు విశాఖపట్నం అతిథులు జీడిపప్పు తింటూ కూర్చున్నారు. సావుకారు మధ్యలో ఉన్నారు. ఎప్పుడూ జరిగే పద్ధతి ఏమిటంటే, షెడ్డులోంచి ఇద్దరు ఆడవాళ్ళను పిలుస్తాం, వాళ్ళు వేళ్ళు నలుపుతారు, యంత్రం పేర్లు చెబుతుంది, వచ్చినవాళ్ళు తలలు ఊపుతారు. ఊర్మిళ "దమయంతీ, పిలువు" అంది. నా కళ్ళలోకి చూసే అంది. నేనేం చేస్తానో ఆమెకు తెలియదని కాదు. ఆపాలనుకుంటే ఆ పని వేరేవాళ్ళకు అప్పజెప్పి ఉండేది.

నేను ఎవరినీ పిలవలేదు. నా చెయ్యే పెట్టాను.

"ఊర్మిళ," అంది యంత్రం.

"మేడమ్ గారి పేరు కూడా మీకిచ్చేశారా?" అని ఒకాయన నవ్వాడు. మళ్ళీ నలిపాను. మళ్ళీ అదే పేరు. నవ్వు ఆగింది.

"నా పేరు దమయంతి," అన్నాను. "ఈ యంత్రం చేసింది నేను. నాకు ఈమె మీద ఏడుపు. ఈమె కుర్చీ మీద, ఈమె పేరున్న బోర్డు మీద, ఈమెను మీరు మేడమ్ అనడం మీద. రెండేళ్ళు ఎదురుగా కూర్చుని ఏడ్చాను. అందుకని నా చెయ్యి ఆమె చెయ్యి అయిపోయింది. మా షెడ్డులో దాలమ్మ అని ఒకామె ఇలాగే మా అమ్మ చెయ్యి అయిపోయింది. ఆమె దొంగ కాదు. మీ షెడ్లలో పెట్టినా ఇదే జరుగుతుంది."

గుమ్మం దగ్గర నిలబడి ఉన్న మేస్త్రీ సింహాచలం తల దించుకున్నాడు. ఊర్మిళ లేచి వచ్చి అద్దం మీద తన చెయ్యి పెట్టింది. యంత్రం మళ్ళీ అదే పేరు చెప్పింది. ఆ పని ఆమె చెయ్యకపోతే నన్ను పిచ్చిదాని కింద జమకట్టి బయటికి పంపేవారు.

వచ్చినవాళ్ళు మధ్యాహ్నం భోజనం కూడా చెయ్యకుండా వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే అన్ని గేట్లలోనూ ఎర్ర దీపాలు తీయించాం. తడుస్తూనే దాలమ్మ ఇంటికి పరిగెత్తాను. తలుపుకు తాళం వేసి ఉంది. పక్కింటామె బయటికి వచ్చి, లారీ ఒక రోజు ముందే వచ్చేసిందని చెప్పింది.

"ఏ ఊరి బట్టీలకి?"

"ఎవులికి తెలుసు? చెన్నై ఏపంట. నీకు సెప్పమని ఒక మాట సెప్పినాది. సూడక్కర్లేదు, అంది."

* * *

వారం తిరగకుండానే సావుకారు నన్ను పిలిపించారు. కోపంగా ఉంటారనుకున్నాను. కళ్ళు మెరుస్తున్నాయి.

"ఏమ్మా, ఇది తంటా కాదు, బంగారు గని," అన్నారు. "ఎవరి చెయ్యి ఎవరి వైపు జరుగుతోందో తెలుస్తోంది కదా? అంటే ఎవరికి ఎవరి మీద కుళ్ళో తెలుస్తున్నట్టే కదా? ఆఫీసుల్లో, బ్యాంకుల్లో పైవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలని ఎంత తహతహలాడుతారో నీకు తెలీదు. గేటు దగ్గర హాజరు అని చెప్పి తీసుకుంటే చాలు. తంటా కనిపెట్టింది నువ్వు, ఎవరికి కావాలో నేను చూపిస్తున్నాను. నా వాటా నీకే ఇచ్చేస్తున్నాను. బోర్డు మీద నీ పేరు రాయిస్తాను."

బోర్డు, నా పేరు. నేను పెద్ద మనసున్న మనిషిని కాను. ఆ మాట వినగానే ఆ గుడ్డ ఎలా ఊడుతుందో, కింద ఏ రంగు అక్షరాలుంటాయో ఒక్క క్షణంలో చూసేశాను. ఊర్మిళ చప్పట్లు కొట్టడం కూడా చూశాను.

కానీ ఆ యంత్రం చూపించబోయే మొదటి గీత దాలమ్మ పిన్నిదే. అదే చూపించి అందరికీ అర్థమయ్యేలా చెప్పాలి. వేరే దారి లేదు. ఒక మనిషి ఎదుటి మనిషిని చూసి లోపల్లోపల ఏడ్చుకుంటూ కూడా ఆమె పక్కన కూర్చుని అన్నం తినగలదు. ఆ ఏడుపు ఇంకొకరికి కనబడనంతకాలమే అది సాగుతుంది. అమ్మా పిన్నీ అలాగే బతికారు. ఆ మూత తీసి అమ్మే పని నా వల్ల కాదని చెప్పాను. సావుకారు ఆలోచించుకోమన్నారు. ఆలోచిస్తే ఒప్పుకుంటానన్న భయంతో వెంటనే మళ్ళీ కాదన్నాను.

ఆ కంపెనీ ఆయన ఊర్మిళకిచ్చారు. విశాఖపట్నంలో నడుస్తోంది. వెళ్ళేముందు ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి, "నువ్వు చెయ్యనన్నది నేను చేస్తున్నానని అసహ్యించుకోకు. నాకు వేరే ఏదీ చేతకాదు," అంది. తన పెన్ను మూత నా బల్ల మీద మరిచిపోయింది. మొన్న ఎవరో ఆమె కొత్త ఆఫీసు ఫొటో పంపారు. అద్దాల గోడ, వెండి రంగు అక్షరాలు. చూసి మంచినీళ్ళు తాగాను. కాదన్నది నేనే అయినా మండింది. మండుతుందని ఇప్పుడు పైకే చెబుతున్నాను, అంతే తేడా.

మా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇప్పుడు యంత్రం లేదు. మేస్త్రీ సింహాచలం నిలబడి మొహాలు చూసి పేర్లు పిలుస్తాడు. షెడ్డులో అమ్మకు ఎదురుగా కొత్త మనిషిని కూర్చోబెట్టబోతే అమ్మ ఒప్పుకోలేదు. "అది వస్తాది. వచ్చి తన పీట మీద ఇంకెవులైనా కూకుంటే మల్లీ ఏడుస్తాది," అంది. ఆ పీట ఖాళీగా ఉంది. అమ్మ గంప ఇప్పటికీ నిండడం లేదు.

పిన్నిని వెతుకుతూ రెండుసార్లు చెన్నై వైపు వెళ్ళాను. బట్టీల్లో అడిగితే పేరేమిటంటారు. దాలమ్మ అంటే లేదంటారు. గున్నమ్మ అని కూడా అడిగాను, ఎందుకైనా మంచిదని. ఆ పేరు నా నోటితో నేనే అన్నాక రోడ్డు పక్కన కూర్చుండిపోయాను.

మీరు ఆ వైపు ఉంటే, పలాస మాట మాట్లాడే ఒక ఆడమనిషి, పక్కన ఒక ఆడపిల్లతో కనబడితే, ఆమె చెయ్యి చూసి పోల్చుకోవాలని చూడకండి. అది మా అమ్మ చెయ్యిలాగే ఆడుతుంది: రెండు తిప్పులు, చిన్న ఆగుడు, ఒక తోపుడు. యంత్రం ఆమెను చివరికి వేరే పేరుతోనే గుర్తుంచుకుంది. మీరైనా ఆమె పేరుతో గుర్తుంచుకోండి. ఆమె పేరు దాలమ్మ.